గాలి తీశారు సరే, అదెలా దూరింది?

హైడ్రాలిక్ క్లచ్ ఉన్న పాత లారీకి పెడల్ ఉన్నట్టుండి నేలకంటిందనుకోండి. విజయవాడ ఆటోనగర్‌లో ఏ షెడ్డు ముందు ఆపినా వినిపించే మాట ఒకటే: "ఏం లేదండీ, గాలి పట్టింది. పది నిమిషాల్లో తీసేద్దాం." తీస్తారు కూడా. ఒక కుర్రాడు బండి కిందకు దూరతాడు, ఇంకొకడు సీటెక్కుతాడు. "కొట్టు... కొట్టు... పట్టుకో... ఆఁ, వదులు." గాలి వదలడానికి విప్పే నిపిల్ దగ్గర బుడగలు బుసబుసమంటాయి, పెడల్ గట్టిపడుతుంది, డ్రైవరు టీ డబ్బులిచ్చి వెళ్లిపోతాడు. పదిహేను రోజులకు మళ్లీ అదే షెడ్డు, అదే కొట్టుడు.

గాలి తీస్తే బాగైపోయినట్టేనన్న ఈ మాటతోనే నాకు పేచీ. "గాలి పట్టింది" అనడంలోనే మోసముంది. పిల్లకు గాలి సోకిందన్నట్టు ఉంటుంది ఆ మాట. ఎవరి తప్పూ లేదు, ఎక్కడినుంచో వచ్చింది, వేపమండలు వేసి దిగదుడిస్తే పోతుంది! క్లచ్ లైను రావిచెట్టు కింద నిద్రపోయిన పిల్ల కాదు. పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ నుంచి గేరుబాక్సు పక్కనుండే కింది సిలిండర్ దాకా మూసి ఉన్న దారి అది. నిండా ఆయిలే ఉండాలి. ఆయిలు నలగదు కాబట్టి పైన తొక్కిన బలం కింద క్లచ్‌ను విడదీసే ఫోర్కుకు అందుతుంది. గాలి నలుగుతుంది కాబట్టి పెడల్ దిగుతుంది గానీ ఫోర్కు కదలదు. మూసిన దారిలోకి గాలి వచ్చిందంటే ఎక్కడో తలుపు తెరుచుకుందన్నమాట. ఆ తలుపు వెతక్కుండా గాలి తీయడం, పడవకు పడ్డ చిల్లు వదిలేసి నీళ్లు తోడటమే.

"లీకేమీ కనపడ్డం లేదు కదండీ" అంటారు వెంటనే. ఇదే అసలు చిక్కు. సిలిండర్ లోపలి రబ్బరు వాషరు అంచు ఒత్తిడి పెరిగినప్పుడు విచ్చుకుని గోడకు అతుక్కుంటుంది. అరిగిన వాషరు కూడా తొక్కినప్పుడు ఆయిలును బాగానే ఆపుతుంది. పెడల్ వదిలి పిస్టన్ వెనక్కి వచ్చేటప్పుడు మాత్రం అంచు సడలి బయటి గాలిని గుటకేస్తుంది. చుక్క ఆయిలు కారకుండానే గాలి లోపలికి పోతుంది. నేలమీద మరక లేనంత మాత్రాన సిలిండర్ బాగున్నట్టు కాదు. దుమ్ము రబ్బరు వెనక్కి లాగి వేలు పెట్టి చూడాలి, తడి తగులుతుందేమోనని. ఎందరు చూస్తున్నారు?

మన డెల్టాలో ఆ వాషర్లు ఎక్కువకాలం బతకవు. క్లచ్ లైనులోనూ పోసే మామూలు బ్రేక్ ఆయిలుకు గాలిలోని తేమను పీల్చుకునే గుణముంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. కాస్త నీరు కలిసిన ఆయిలుకు ఆ హద్దు 140 డిగ్రీలకే పడిపోతుంది. క్లచ్‌కి ఆ మరుగు సంగతి కన్నా తుప్పు ముఖ్యం. నీరు సిలిండర్ గోడను తినేస్తుంది, గుంటలు పడతాయి, ఆ గుంటలు కొత్త వాషరును కూడా నెలల్లో కొరికేస్తాయి. దివిసీమ ఉక్కలో షెడ్డు గూట్లో మూత లేకుండా పడి ఉన్న ఆయిలు డబ్బా చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ డబ్బాలోదే పోసి, గాలి తీశామంటారు. కైకలూరు చేపల లారీల సంగతి ఇంకా ఘోరం. ఐసు నీళ్లు ఛాసిస్ మీద కారి కారి నిపిల్ తుప్పుతో బిగుసుకుపోతుంది, స్పానర్ వేస్తే తల విరుగుతుంది.

పోనీ, ఆ తీయడమైనా సరిగ్గా ఉందా? మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 19 మి.మీ., పిస్టన్ కదిలే దూరం 30 మి.మీ. అనుకుందాం. ఒక తొక్కుకు కదిలే ఆయిలు ఎనిమిదిన్నర మిల్లీలీటర్లు. రెండు మీటర్ల పైపు రంధ్రం నాలుగున్నర మి.మీ. అయితే అందులో పట్టేది సుమారు 32. నిపిల్ మూసి పదిసార్లు కొట్టి, ఒక్కసారి విప్పితే బయటికొచ్చేది ఆ చివరి తొక్కు ఆయిలే. మిగతా తొమ్మిదీ బుడగను చితక్కొట్టి నురగ చేయడానికే పనికొచ్చాయి. ఆ నురగ కాసేపటికి పైపు ఎత్తు వంపులోకి ఎక్కి కూర్చుంటుంది. బుడగ స్వభావం పైకి పోవడం. మనమేమో కిందికి తరుముతున్నాం!

పెద్ద లారీల్లో క్లచ్ బూస్టరుకు ట్యాంకు గాలి సాయం ఉంటుంది. అది ఉండాల్సిన గాలే, ఆయిలు వైపు దూరినదే వేరు. రెంటినీ కలిపేసి "గాలి సమస్య" అనేవాళ్లతో వాదన అనవసరం.

రాత్రి రెండింటికి హైవే మీద ఆగిపోతే మాత్రం నేనూ కొట్టే తీస్తాను, ఇల్లు చేరాలి కదా. కొత్త వాషర్ల కిట్ వేశాక గాలి తీయక తప్పదు కూడా. తెల్లారాక అదే వైద్యమంటేనే ఒప్పుకోను. సగమే విడే క్లచ్‌తో తిరిగితే గేర్లు గీక్కుని పళ్లు పోతాయి. రబ్బరు వాషర్ల ఖర్చు తప్పించుకున్నామనుకునే ఓనరుకు గేరుబాక్సు దింపించే ఖర్చు వచ్చి పడుతుంది.

మా బండికి ఒక మేలో, నున్నలో మామిడికాయలు ఎత్తుకుని వస్తుంటే బెంజి సర్కిల్ దగ్గర పెడల్ పడిపోయింది. అప్పటికి ఇది మూడోసారి. ఈసారి ఇంకో షెడ్డుకు తోయించాను. ముసలి మేస్త్రి కిందకు దూరలేదు. క్యాబిన్‌లోకి వంగి టార్చి వేసి, పెడల్ పైన రేకు మీద పెయింటు పొరలు లేచినచోట గోటితో గీకాడు. బ్రేక్ ఆయిలు పెయింటును తినేస్తుంది. "ఎన్నాళ్లుగా కారుతోందో చూడండి, ఇక్కడ రాసే ఉంది" అన్నాడు. మాస్టర్ విప్పి, గోడ వేలితో తడిమి, గుంటలున్నాయని పక్కన పెట్టాడు. కొత్తది బిగించి, పెడల్ రాడ్డుకు కాస్త వదులు ఉందో లేదో చూశాడు. అది లేకపోతే పిస్టన్ పూర్తిగా వెనక్కి రాక ఆయిలు దిగదట. తర్వాత సీలు విప్పని కొత్త డబ్బా తెరిచి, ఆయిలు క్యాను గొట్టాన్ని కింది నిపిల్‌కి తగిలించి మెల్లగా ఒత్తాడు. నేను పైన మాస్టర్ సిలిండర్ ఆయిలు డబ్బా మూత తీసి చూస్తున్నాను. ఒక బుడగ, కాసేపటికి ఇంకొకటి, తర్వాత చిన్నచిన్నవి వరసగా, ఆ తర్వాత ఏమీ లేవు. అరగంట పట్టింది. పెడల్ కొట్టమని ఒక్కసారి కూడా అనలేదు.