స్టోరేజ్ ఫుల్.. ఊరి చరిత్ర డిలీట్?

పోయిన వారం గరిడేపల్లికి పోతే, మా మండల విలేకరి అన్న తన ఫోన్ నా చేతిలో పెట్టాడు. "తమ్మీ, స్టోరేజ్ ఫుల్ అంటుంది. వార్త పంపుదామంటే మెయిల్ పోతలేదు. పాతవన్నీ డిలీట్ కొట్టు" అన్నాడు.

పాతవి తెరిచి చూశా. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా అయిననాటి సంబురాలు. సాగర్ నీళ్లు రాక ఎండిన పొలాలు. 2024 సెప్టెంబరు 1న నడిగూడెం మండలంలో ఎడమ కాల్వకు గండి పడ్డప్పటి వీడియోలు, పొలాల్లో ఇసుక మేటలు. పేపర్లో వచ్చింది ఒకటో రెండో ఫొటోలు. మిగతావన్నీ ఇక్కడే ఉన్నాయి. నా వేలు డిలీట్ మీదికి పోలేదు.

పెద్ద పత్రికల ఆఫీసులకు సర్వర్లుంటాయి, చూసుకునే టీమ్ ఉంటుంది. మండల విలేకరికి మాత్రం తన సొంత జీమెయిలే క్లౌడ్. ఫ్రీగా వచ్చేది 15 జీబీ. మెయిల్, డ్రైవ్, ఫొటోస్ అన్నీ అందులోనే సర్దుకోవాలి. సైజు తగ్గించి దాచే ఫొటోలు 2021 జూన్ 1కి ముందు ఈ లెక్కలోకి వచ్చేవి కావు, ఆ తర్వాతివి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు ఇందులోనే. ఇంకో రూల్ ఉంది: రెండేళ్లు వాడకపోతే ఆ అకౌంట్‌ను గూగుల్ తీసేయొచ్చు. అంటే విలేకరి పాస్‌వర్డ్ మర్చిపోయినా, మనిషే లేకుండా పోయినా, మండలం చరిత్ర ఆయనతోనే పోతుంది.

1922లో నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక వచ్చింది. అచ్చయిన కాగితం చిరిగినా, ఎవరింట్లోనో ఒక కాపీ మిగిలితే చాలు, చదవొచ్చు. తీసేసిన అకౌంట్‌లో అట్లా మిగిలేది ఏమీ ఉండదు.

ఇదేదో సెంటిమెంట్ కాదు. రేపు ఒక రైతు పేరు నష్టపరిహారం లిస్టులో లేకపోతే, తేదీ ఉన్న ఆ ఇసుక మేట ఫొటోనే ఆయనకు సాక్ష్యం. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో క్వాలిటీ తగ్గుతుంది, తీసిన తేదీ, చోటు వివరాలు పోతాయి. అందుకే ఒరిజినల్ దాచాలి. పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గా పంపాలి.

ఆ రాత్రి ఇద్దరం కూర్చుని అన్నీ హార్డ్ డిస్క్‌లోకి ఎక్కించాం. ఒక్కో ఫోల్డర్‌కు తేదీ, ఊరి పేరు పెట్టాం. ఇంకో కాపీ వేరే డిస్క్‌లో చేసి మా ఇంట్లో పెట్టాం. గూగుల్ సెట్టింగ్స్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ తెరిచి, ఆయన బిడ్డ మెయిల్ ఇచ్చాం. అకౌంట్ చాలాకాలం వాడకపోతే డేటా ఆమెకు అందుతుంది.

"ఇప్పుడు డిలీట్ కొట్టనా?" అన్నాడు అన్న.

"రెండు కాపీలూ తెరిచి చూసి, అప్పుడు కొట్టన్నా" అన్నా.

మీ ఊరి విలేకరిని కూడా ఈసారి కలిసినప్పుడు ఒక్క మాట అడగండి: "అన్నా, పాత ఫొటోలు ఎక్కడున్నయ్?"