అమానత్‌కు తగిన పెట్టె

మన కళాశాల గ్రంథాలయంలో ఉర్దూ పుస్తకాల అరలకు, తెలుగు పుస్తకాల అరలకు నడుమ ఒక ఇనుప బీరువా ఉన్నది. దాని పై అరలో తెల్లని నూలుగుడ్డలో చుట్టి ఒక జాతీయ పతాకం ఉంచబడి ఉన్నది. మన పూర్వవిద్యార్థి ఒకరు సైన్యంలో చేరి, విధి నిర్వహణలో అసువులు బాసినప్పుడు ఆయన శవపేటికపై కప్పిన పతాకం అది. ఖననానికి ముందు దానిని తీసి, మడిచి, సైనికాధికారులు ఆయన తల్లి చేతుల్లో పెట్టారు. ఆ తల్లి కొంతకాలం దానిని తన ఇంటనే దాచుకొని, చివరకు మన కళాశాలకు తెచ్చి అప్పగించింది. "సార్, మా ఇల్లు వానకు కురుస్తుంది. బిడ్డ జెండా తడవకూడదు. ఇది మీ దగ్గర అమానత్" అన్నది. అంతకుమించి ఆమె ఏమీ అడగలేదు.

అమానత్ అనగా ఏమో మన విద్యార్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకరి సొత్తును మరొకరు నమ్మకంతో తీసుకొని, ఉన్నది ఉన్నట్టు కాపాడవలసిన బాధ్యత అది. అందులో ఏమరుపాటు చూపితే దానికి ఖియానత్ అని పేరు. కనుక మేమిక్కడ ప్రస్తావించబోయే విషయం పైకి ఒక పెట్టె విషయంగా కనిపించినా, నిజానికి మన మాట నిలబెట్టుకొనే విషయమే.

పతాకాన్ని ఒక అద్దాల పెట్టెలో ఉంచి గ్రంథాలయంలో అందరికీ కనిపించేటట్లు అమర్చాలని కార్యవర్గం వారు నిశ్చయించారు. నిర్ణయం శ్లాఘనీయం. తయారుగా దొరికే పెట్టె ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పించారు. తెరచి చూడగా అది మూడు మూలల పెట్టె. అడుగున అంటించిన చీటీపై వేరొక దేశం పేరు ఉన్నది. మన పతాకం అందులో ఇమడలేదు. అప్పుడొక సూచన వచ్చింది: పతాకాన్ని విప్పి ముక్కోణంగా మడిస్తే సరిపోవును గదా అని. ఈ సూచనతో మేము ఏకీభవించలేకున్నాం. కారణాలు మనవి చేస్తాం.

ముక్కోణపు పెట్టె అమెరికా ఆచారానికి చెందినది. ఆ దేశంలో మాజీ సైనికుడు మరణిస్తే ప్రభుత్వం అయిదడుగుల వెడల్పు, తొమ్మిదిన్నర అడుగుల పొడవు గల పతాకాన్ని ఇస్తుంది. దానిని నీలిరంగు నేల, నక్షత్రాలు మాత్రం పైకి కనిపించేటట్లు ముక్కోణంగా మడిచి దగ్గరి బంధువుకు అందజేస్తారు. ఆ మడతకు సరిపోయే పెట్టెను కుటుంబాలు కొనుక్కొని ఇంట అలంకరించుకొంటాయి. తమ సైనికుని పతాకానికి విదేశీ పెట్టె ఎందుకని అక్కడి కుటుంబాలు కూడా స్వదేశంలో చేసిన పెట్టె కోసం వెదకుతాయి. తమ ప్రభుత్వం కొనే పతాకాలు పూర్తిగా స్వదేశీయమై ఉండాలని 2024లో ఆ దేశం చట్టమే చేసుకొన్నది. ఆ ఆచారాన్ని మేము గౌరవిస్తాం. అయితే అది వారి పతాకానికి పుట్టిన మడత, వారి మడతకు పుట్టిన పెట్టె.

మన పతాకానికి మన మడత ఉన్నది. 2022లో ఇంటింటా పతాకం ఎగురవేసిన సందర్భంలో కేంద్ర ప్రభుత్వం ఆ పద్ధతిని దేశమంతటా ప్రచారం చేసింది. పతాకాన్ని అడ్డంగా పరచి, కాషాయ, ఆకుపచ్చ పట్టీలను తెల్లపట్టీ కిందికి మడవాలి. పిమ్మట తెల్లపట్టీని ఇరువైపుల నుండి లోపలికి మడిస్తే నడుమ అశోకచక్రం, దాని అంచున కొద్దిగా కాషాయం, ఆకుపచ్చ మిగులుతాయి. దానిని అరచేతులపై ఉంచుకొని తీసుకొనిపోవాలి. మన వద్దనున్న పతాకం 1800 మిల్లీమీటర్ల పొడవు, 1200 మిల్లీమీటర్ల వెడల్పు గలది. ఒక్కొక్క పట్టీ 400 మిల్లీమీటర్లు. కాబట్టి మడిచిన పిమ్మట అది ఇంచుమించు చతురస్రమవుతుంది. ముక్కోణంలో దానిని ఇరికిస్తే నడిమి చక్రమే నలుగుతుంది. ఆ తల్లి చేతికి వచ్చిన మడతను, బజారులో దొరికిన పెట్టె కోసం మనం మార్చవచ్చునా? పెట్టె పతాకానికి ఒదగాలి గాని, పతాకం పెట్టెకు ఒదగడం న్యాయం కాదు.

అందుచేత ఈ పెట్టెను మన ఊరిలోనే చేయించాలని మా అభిప్రాయం. మేము బజారులోని ఒక వృద్ధ వడ్రంగిని కలిసి సంగతి చెప్పాం. "ముందు జెండా కొలత చూపించండి సార్, పెట్టె మాట తరువాత" అన్నాడాయన. గ్రంథాలయానికి వచ్చి, చేతులు కడుక్కొని, కొలత తీసుకొన్నాడు. ఏ గోడకు పెడతారు, ఆ గోడకు ఎండ తగులుతుందా, వానాకాలం చెమ్మ ఎక్కుతుందా అని అడిగాడు. దూరదేశంలో వేల సంఖ్యలో తయారయ్యే పెట్టెలో ఈ ప్రశ్నలకు చోటు లేదు.

పెట్టె ఎట్లుండాలో కూడా మనవి చేస్తాం. నూలుగుడ్డకు వెలుతురు, చెమ్మ, పురుగు అనే ముగ్గురు శత్రువులు. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుంది. పోయిన రంగు మరల రాదు. కాబట్టి పెట్టెను కిటికీకి ఎదురుగా గాక, నీడపట్టు గోడకు అమర్చాలి. బాగా ఆరిన టేకుకర్రతో చేయించి, మెరుగునూనె వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని వారాలు వదలివేయాలి. గుడ్డ నేరుగా కర్రకు తగలకుండా గంజిలేని, రంగులేని ఉతికిన నూలుగుడ్డను లోపల పరచాలి. గంజి పురుగును పిలుస్తుంది. అద్దానికీ పతాకానికీ నడుమ వేలెడు ఎడం ఉండాలి. తుప్పు మరక పడకుండా ఇత్తడి మరలు వాడాలి. వెనుక పలకను విప్పడానికి వీలుండాలి. ఏడాదికొకసారి తెరచి, మడత గీతల వద్ద గుడ్డ చివకకుండా మడతల నడుమ మెత్తని చుట్టలు ఉంచి మరల అమర్చాలి. ఈ పనిని మన ఎన్.సి.సి. విద్యార్థులు స్వీకరిస్తే ఎంతో శోభస్కరంగా ఉంటుంది.

దీనికి కొందరు మిత్రులు చెప్పే అభ్యంతరాలు మాకు తెలియనివి కావు. ఖర్చు ఎక్కువ అంటారు. నిజమే, తెప్పించిన పెట్టె కన్న కొంత ఎక్కువే అవుతుంది. ఆలస్యమవుతుందంటారు. అదీ నిజమే. అద్దం ఎక్కడిది, మర ఎక్కడిది అని వెదకుతూ పోతే స్వదేశీ అనే మాటకు అంతెక్కడ అంటారు. మేము అంత దూరం పోదలచలేదు. ప్రతి వస్తువుకు జాతకం చూడాలని మా వాదం కాదు. చేసిన మనిషి మన కంటికి కనిపించాలి, తప్పు జరిగితే పిలిచి సరిచేయించుకొనే వీలుండాలి, ఇచ్చిన డబ్బు ఈ ఊరి పనిమంతుని ఇంటికి చేరాలి. అంతమాత్రమే మా కోరిక.

పతాకం గుడ్డకే అటువంటి చరిత్ర ఉన్నది. 1921లో బెజవాడలో పింగళి వెంకయ్యగారు గాంధీజీకి పతాకం నమూనా సమర్పించిన నాటి నుండి ఆ గుడ్డ చేతిపనితో ముడిపడింది. 1947 జులై 22న రాజ్యాంగ సభ మన పతాకాన్ని ఆమోదించిన పిమ్మట చిరకాలం చేత వడికి, చేత నేసిన గుడ్డయే నియమంగా సాగింది. పత్తి ఏకడం తరతరాల వృత్తిగా గల దూదేకుల కుటుంబాల బిడ్డలు మన తరగతుల్లోనూ చదువుకొంటున్నారు. ఆ గుడ్డ వెనుక ఎన్ని చేతుల శ్రమ ఉన్నదో వారికి చెప్పనక్కరలేదు. 2021 డిసెంబరు 30న నియమావళిని సవరించి యంత్రాలపై చేసిన పాలియెస్టరు పతాకాలకు కూడా అనుమతి ఇచ్చారు. ఖాదీ పనివారు దీనికి ఆవేదన చెందారు. గుడ్డ విషయంలో నిర్ణయం మన చేతిలో లేదు. పెట్టె విషయంలో ఉన్నది.

ఇంకొక మాట. స్మారకం ఏర్పరచడం సులభం, కాపాడడం కష్టం. 1948 జులై 3న కాశ్మీర రణరంగంలో నేలకొరిగిన బ్రిగేడియర్ మహమ్మద్ ఉస్మాన్ గారి సమాధి ఢిల్లీలో జామియా మిల్లియా ఆవరణ సమీపాన ఉన్నది. అంతటి వీరుని సమాధి సైతం 2020 నాటికి భగ్నమై కనిపించగా, సైన్యం దానిని బాగుచేయించవలసి వచ్చింది. వీరుని పేరు చరిత్రలో నిలిచినా, రాయిని ఎవరో ఒకరు చూచుకొంటూ ఉండాలి. గుడ్డ రాయికన్న సున్నితమైనది.

చివరగా పేరు సంగతి. పతాకంపై ఏ అక్షరమూ వ్రాయరాదని నియమావళి నిర్దేశిస్తున్నది. కాబట్టి ఆ యువకుని పేరును పెట్టె చట్రంపై ఇత్తడి రేకున చెక్కించాలి. ఉర్దూ లిపిలో ఒకమారు, తెలుగు లిపిలో ఒకమారు. ఆయన ఈ రెండు భాషల్లోనూ మన వద్ద పాఠాలు చదివినవాడు.

వచ్చిన పెట్టెను తిప్పి పంపి, ఈ పనిని మన ఊరి వడ్రంగికి అప్పగించవలసిందిగా కార్యవర్గం వారిని సవినయంగా కోరుతున్నాం. ఖర్చులో పెరిగిన భాగానికి అధ్యాపకులం మా వంతు ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. విద్యార్థులు తలా కొంత వేసినా సంతోషమే. పెట్టె సిద్ధమైననాడు ఆ తల్లిని పిలిపించి, అమ్మా, మీ బిడ్డ జెండా తడవదు అని చెప్పగలగాలి. ఆ మాట చెప్పే అర్హత సంపాదించుకొందాం.