ఒక్క ఏడాది బ్రతికిన కలం



ఈ నెల మన శీర్షికలో ఒక కలం సంగతి చెప్పుకుందాం. ఇంకు పెన్నుతో దస్తూరి దిద్దుకున్న పెద్దలు ఇంటింటా ఉన్నారు. పిల్లలను కూడా దగ్గర కూర్చోబెట్టుకొని ఇది చదివి వినిపించండి. పెన్ను ఎలా పుట్టిందో తెలిస్తే, చేతిలోని వస్తువును చూసే చూపే మారుతుంది.

అమెరికాలోని జేన్స్‌విల్ అనే ఊరిలో పార్కర్ కంపెనీ పెన్నులు చేసేది. 1969 జూలైలో మనుష్యులు చంద్రుని మీద కాలు మోపారు. ఆ రోజుల్లో ఎక్కడ విన్నా రాకెట్ల మాటే, వాటికి వాడే లోహాల మాటే. మనుష్యులను ఆకాశంలోకి తీసుకువెళ్ళిన తొలి అమెరికా గదులలో టైటానియం అనే లోహం వాడారు. అదే లోహంతో పెన్ను చేస్తే ఎలా ఉంటుందని పార్కర్ వారు తలంచారు. 1970లో ఆ పెన్ను బజారులోకి వచ్చింది. దాని పేరు పార్కర్ టి-1. 1971లోనే దాని తయారీ ఆపివేశారు. పెన్ను బాగా వ్రాయక కాదు. అందమూ తక్కువ కాదు. మరి ఎందుకు ఆపారు?

ముందు ఆ లోహం గుణం తెలుసుకోవాలి. టైటానియం బరువు ఇనుము బరువులో సగం కన్నా కొంచెమే ఎక్కువ. బలంలో మాత్రం మంచి ఉక్కుకు తీసిపోదు. తుప్పు పట్టదు. ఉప్పునీటికి చెడదు. మన శరీరం కూడా దానిని సహిస్తుంది కనుకనే విరిగిన ఎముకలకు వేసే పలకలూ మరలూ ఇప్పుడు దానితో చేస్తున్నారు. సిరాలోని ఆమ్లం దానిని తినలేదు. ఇన్ని మంచి గుణాలున్న లోహం పెన్నుకు తగదని ఎవరంటారు?

చిక్కంతా దానిని కోసేటప్పుడు వస్తుంది. లేత్ మిషను మీద ఇనుమునో ఇత్తడినో తిప్పి కోసినప్పుడు పుట్టే వేడిలో చాలా భాగం తునకలతో పాటు పోతుంది, కొంత లోహంలోకి పాకిపోతుంది. టైటానియం వేడిని తనలోకి త్వరగా పోనివ్వదు. ఈ విషయంలో అల్యూమినియం దానికన్నా పది రెట్లు మేలు. అందుచేత వేడంతా ఉలి మొన దగ్గరే నిలిచిపోతుంది. మొన ఎర్రబడి, మొద్దుబారి, అరిగిపోతుంది. పైగా వేడెక్కిన టైటానియం ఉలికి అంటుకుంటుంది. గట్టిగా ఒత్తితే వంగి తప్పుకుంటుంది, ఒత్తిడి తీయగానే తిరిగి వస్తుంది. సన్నని గొట్టంలా ఉండే పెన్ను వంటి వస్తువును దానితో సరిగ్గా కొలతకు కోయడం ఎంత కష్టమో ఊహించుకోండి. నెమ్మదిగా తిప్పాలి, చల్లార్చే ద్రవం ధారగా పోయాలి, ఉలులు మాటిమాటికి మార్చాలి. సన్నని పొట్టుకు నిప్పు అంటుకుంటే నీళ్ళతో ఆర్పరాదు. పొడి ఇసుక వంటివి కప్పాలి.

పార్కర్ వారు ఇంకొక సాహసం కూడా చేశారు. మామూలు పెన్నులో పాళీ వేరు, అది అమరే ముందుభాగం వేరు. టి-1లో రెండూ ఒకే లోహపు ముక్క. వేళ్ళతో పట్టుకునే గొట్టమే ముందుకు సాగి, సన్నబడి, పాళీ అవుతుంది. చూపుకు అతుకు లేని పని. పాళీ క్రింద ఒక చిన్న మర కూడా ఉంటుంది. దానిని తిప్పి సిరా పారే తీరు సరిచేసుకోవచ్చు. పాళీ చివర కాగితం మీద అరగకుండా ఒక గట్టి లోహపు బొట్టు ఉండాలి. టైటానియానికి వేరొక లోహాన్ని అతకడం సులభమైన పని కాదు. ఆ అతుకు పెళుసుగా ఉంటుంది.

ఇప్పుడు ఆలోచించండి. మామూలు పెన్ను పాళీ విరిగితే కొత్త పాళీ వేయించుకుంటాం. టి-1 క్రింద పడి మొన విరిగితే పాళీ ఒక్కటే మార్చే వీలు లేదు. ముందుభాగమంతా మార్చాలి. తయారీయే ఆగిపోయాక ఆ భాగం ఎక్కడ దొరుకుతుంది? ఎన్నటికీ తుప్పు పట్టని దేహం ఉండీ, ఆవగింజకన్నా చిన్నదైన మొన పోతే ఆ పెన్ను మూగబోతుంది. ఇప్పుడు పాత పెన్నులు సేకరించేవారు టి-1 కనబడితే ముందుగా మొననే పరీక్షగా చూస్తారు.

అదే పార్కర్ కంపెనీ 1978లో ఫాల్కన్ అనే పెన్ను తెచ్చింది. ఆకారం అదే విధం, లోహం మాత్రం స్టెయిన్‌లెస్ స్టీలు. జపానులో పైలట్ కంపెనీ కూడా 1971లోనే పాళీ, పట్టు ఒకటిగా ఉండే స్టీలు పెన్ను చేసింది. ఆలోచన మంచిదే. దానికి ఎంచుకున్న లోహమే ఖర్చును చేయి దాటించింది.

టైటానియం అరుదైన లోహమని అనుకోకండి. భూమి పొరలో అది సమృద్ధిగా ఉంది. మన శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం, భావనపాడు తీరాల ఇసుకలో నల్లగా మెరిసే రేణువులు చూసి ఉంటారు. వాటిలో ఇల్మనైట్ అనే టైటానియం ఖనిజం ఉంటుంది. గోడలకు వేసే తెల్ల రంగులో తెలుపు కూడా టైటానియం నుండి వచ్చినదే. కాని ఖనిజం నుండి లోహాన్ని విడదీయడమే కష్టం. కాగినప్పుడు అది గాలిలోని ప్రాణవాయువును పీల్చుకొని పెళుసైపోతుంది. అందుకే గాలి సోకకుండా మూసిన పాత్రలలో, మెగ్నీషియం సాయంతో దానిని తీస్తారు. కేరళలోని చవరలో 2011లో మొదలైన టైటానియం కర్మాగారానికి ఆ పద్ధతిని సిద్ధం చేసి ఇచ్చింది హైదరాబాదులోని రక్షణ లోహ పరిశోధనశాల. ఇసుకలో చవకగా దొరికేది పెన్నుగా మారేసరికి ఎందుకంత ప్రియమవుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

ఇంకొక వింత చెబుతాము. పాడి ఉన్న ఇళ్ళవారికి ఇది నచ్చుతుంది. ఇంగ్లాండులో కాన్వే స్టూవర్ట్ కంపెనీ ఒకప్పుడు పాలతో పెన్నులు చేసింది. పాలను విరిచి, ఆ విరుగుడును ఎండబెట్టి పొడి చేసి, రంగులు కలిపి కడ్డీలుగా ఒత్తి, ఫార్మలిన్‌లో నానబెట్టేవారు. కడ్డీ లావైతే గట్టిపడడానికి నెలలు పట్టేది. ఆ తరువాతే లేత్ మీద కోసి మెరుగు పెట్టేవారు. అంత అందమైన రంగులు మరి దేనికీ రావని పేరు. కాని నీళ్ళలో నానితే ఉబ్బి పగులుతుంది. చవకైన ప్లాస్టిక్కులు వచ్చాక ఈ పాల పెన్నులు కనుమరుగైనాయి.

మన రాజమహేంద్రవరంలో 1930ల నుండి రత్నం వారు చేసిన పెన్నులు ఎబొనైట్ అనే గట్టి రబ్బరువి. ఆ పదార్థం ఉలికి మెత్తగా లొంగుతుంది. చేతితో తిప్పే చిన్న లేత్ మీద కూడా పని సాగుతుంది. పాళీ విరిగితే మరొకటి వేస్తారు. అందుకే అలాంటి పెన్నులు తండ్రి నుండి కొడుక్కి వచ్చినా వ్రాస్తూనే ఉంటాయి.

మీ ఇంటి పెట్టెలో పాత పెన్నులు ఉంటే ఈ జాగ్రత్తలు గుర్తుంచుకోండి. ఎండిన సిరా వదలాలంటే పాళీ భాగాన్ని మాత్రమే చల్లని నీళ్ళలో ఉంచండి. వేడినీళ్ళు వద్దు, ఎబొనైట్ రంగు మారుతుంది. దేనితో చేసినదో తెలియని రంగుల పెన్నును పూర్తిగా నీళ్ళలో ముంచవద్దు, అది పాల పెన్ను కావచ్చు. పాత సెల్యులాయిడ్ పెన్నులు త్వరగా అంటుకుంటాయి కనుక దీపానికీ పొయ్యికీ దూరంగా పెట్టండి. పాళీ చివర బొట్టు ఉన్నంతవరకు ఆ పెన్నును పారవేయకండి.

టి-1 చేసినవారు సోమరులు కారు, తెలివితక్కువవారూ కారు. ఎవరూ చేయని పని చేసి చూపించారు. అయినా వారి పెన్ను ఒక్క ఏడాదే నిలిచింది. కొట్టులో పంపుసెట్టు కొన్నా, మందు కొట్టే స్ప్రేయరు కొన్నా, సెల్‌ఫోను కొన్నా, "ఎంత గట్టిది?" అని అడుగుతాం. ఇకమీదట ఇంకొక మాట కూడా అడుగుదాం: "దీనిలో ముందుగా పాడయ్యేది ఏది? అది ఒక్కటే మార్చుకోవచ్చునా?" పిల్లల చేత కూడా ఆ ప్రశ్న అడిగించండి. కొట్టువాడు తడుముకుంటే, డబ్బు తీయకముందే ఇంకొకసారి ఆలోచించండి.