ఆదివారపు తిరుగుళ్ళు: పన్నెండు పటాలు, ఒక బాకీ

మా నాన్నగారి ఆగ్ఫా క్లిక్ త్రీ కెమెరా ఏళ్ళ తరబడి అటకమీద ఇత్తడి బిందెలో పడివుండింది. పోయిన శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికని మా ఆవిడ బిందె దింపిస్తే, దానితోబాటు కెమెరా కూడా దిగింది. ఒకప్పుడు బరోడాలో తయారైన సరుకు. దుమ్ము తుడిచి మీట నొక్కి చూద్దును గదా, టక్కుమన్నది! ఆనాటినుంచి నా ఆదివారాలు నావి కాకుండా పోయాయి.

దీనిలో 120 సైజు ఫిల్ము చుట్ట వేస్తే 12 పటాలు వస్తాయి. వెనుకనున్న ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ చుట్ట తిప్పుకోవాలి. మనిషికి పదడుగుల దూరాన నిలబడాలి. షట్టరు నిదానం గనుక వెలుతురు చాలకపోయినా, మన చెయ్యి వణికినా, ఎదుటివారు కదిలినా పటం చెడుతుంది. సెల్ ఫోనులో నిమిషానికి ఇరవై తీసే మా అబ్బాయి నన్ను చూసి నవ్వుతాడు. నవ్వనీయండి. ఉన్నవి పన్నెండే అయినప్పుడు, తీయడానికి ముందు చూడటం అలవాటవుతుంది.

దసరాకు ముందరి ఆదివారం చీకటితోనే కృష్ణరాజేంద్ర మార్కెట్టుకు వెళ్ళాను. 1928లో కట్టిన ఈ మార్కెట్టు బెంగుళూరులో పాతకాపులకు కొత్త కాదు. కాని పూలబజారు చూడాలంటే తెల్లవారకముందే వెళ్ళాలి. చామంతులు గుట్టలు, కనకాంబరాలు బుట్టలు. మనం బార అనేదాన్ని ఇక్కడ మారు అంటారు. కన్నడంలో బేరం మొదలుపెడితే కొన్నిచోట్ల తెలుగులో జవాబు వస్తుంది.

అటువంటి ఒకచోట తల్లీ కూతురూ పక్కపక్కన కూర్చుని మాల కడుతున్నారు. చింతామణి దిక్కువారట. అడిగి, పటం తీసుకున్నాను.

"మాకూ ఒకటి ఇస్తారా సామీ?" అన్నది తల్లి.

"తప్పకుండా ఇస్తానమ్మా" అన్నాను.

ఫిల్ము కడిగించి చూస్తే తల్లి బాగానే ఉన్నది. కూతురు మాత్రం సరిగ్గా ఆ క్షణానే తల తిప్పినట్లుంది, ముఖం చెదిరిపోయింది. ఇంత చెడ్డ పటం ఏ ముఖం పెట్టుకుని ఇవ్వటం? కాగితాల మధ్య దాచేశాను. ఆ తరువాత మార్కెట్టుకు వెళ్ళినా ఆ సందు తప్పించి తిరిగాను. ఆఫీసులో ఇతరుల పెండింగు కాగితాలు వెతికి తీసే గుమాస్తాను నేను!

జనవరిలో చిత్రసంతె వచ్చింది. 1960లో వెలసిన కర్ణాటక చిత్రకళా పరిషత్తు ఎదుట, కుమారకృపా రోడ్డుమీద ఏటా ఒక ఆదివారం బండ్లను ఆపి చిత్రకారులకు దారి విడిచిపెడతారు. రోడ్డుకు రెండుప్రక్కలా బొమ్మలే. అక్కడే ఎదుట కూర్చోబెట్టుకుని మన ముఖం గీసి ఇచ్చేవారూ ఉంటారు. పరిషత్తు లోపల తోలుబొమ్మలున్నాయి. అనంతపురం వైపు తోలుబొమ్మలు ఎరిగినవారికి చుట్టాలను చూసినట్లుంటుంది.

ఒక కుర్రవాడు నీటిరంగులతో పూలబజారు వేసి అమ్మకానికి పెట్టాడు. నేను కెమెరా ఎత్తగానే, "అడిగి తీయండి సార్. నేనూ అడిగే వేశాను. ఆమెకు ఒక ప్రతి ఇచ్చిన తరువాతనే దీన్ని ఇక్కడికి తెచ్చాను" అన్నాడు కన్నడంలో, మర్యాదగానే. క్షమించమన్నాను. కాని ఆ మాట నాకు తగలవలసినచోటనే తగిలింది.

మరుసటి ఆదివారం చెడిన పటమే కవరులో పెట్టుకుని ఆ సందుకు వెళ్ళాను. తల్లి ఒక్కతే ఉన్నది.

"పటం తీస్తిరి, మళ్ళీ రాకపోతిరి" అన్నది.

"పటం చెడిపోయిందమ్మా, ఇవ్వటానికి సిగ్గేసింది" అని నిజం చెప్పి ఇచ్చాను. దీపం దగ్గరకు తీసుకుపోయి చాలాసేపు చూసింది.

"చెడిపోయిందంటారేం? ఇది మా పాప కాదా? తల తిప్పటం దాని అలవాటే. కార్తీకంలో పెండ్లిచేసి హోసకోటకు పంపితిని. మేమిద్దరం ఇక్కడ కూర్చున్న పటం మా దగ్గర ఇంకొకటి లేదు" అన్నది.

అంతకుముందే ఇచ్చివుంటే పెండ్లినాటికి ఆ పిల్ల చేతిలో ఉండేది. ఆ మాట ఆమె అనలేదు. నాకే తట్టింది. పూలు తీసుకొని డబ్బులివ్వబోతే పుచ్చుకోలేదు. బలవంతాన ఇచ్చి వచ్చాను.

ఇప్పుడు కెమెరా సంచిలో చిన్న నోటుబుక్కు ఒకటి పెట్టుకున్నాను. చుట్టకు 12 పటాలు, 12 గీతలు. ఎవరిది, ఎక్కడ, ఇచ్చామా లేదా? మంచిదా చెడ్డదా అన్న గడి మాత్రం అందులో లేదు. అది పుచ్చుకున్నవారు చెప్పాలి. హోసకోటకు ఇంకొక ప్రతి కావాలని ఆ తల్లి అడిగింది. ఈ ఆదివారం అది ఇచ్చి రావాలి.