లాకీషు జనం పేర్లేవి? గూడెం జనం పేర్లేవి?

చరిత్ర గెలిచినోడు రాస్తాడని మన సభల్లో ఎన్నోసార్లు చెప్పుకున్నాం. అది సగం మాటే. ఓడినోడిలోనూ పలుకుబడి వున్నోడు రాస్తాడు. ఇద్దరూ కలిసి మూడోవాణ్ణి వదిలేస్తారు. ఆ మూడోవాడు మనమే.

క్రీస్తుపూర్వం 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా దేశం మీద పడ్డాడు. అరకు లోయలో చర్చికి పోయే వాళ్ళకి ఈ కథ తెలుసు. హిజ్కియా రాజు ప్రార్థించాడు, దేవదూత ఒక్క రాత్రిలో 1,85,000 మందిని హతం చేశాడు, యెరూషలేము బతికింది. ఇది బైబిలు చెప్పేది. అదే దండయాత్రను సన్హెరీబు మట్టి దిమ్మెల మీద రాయించుకున్నాడు. అందులో దేవదూత లేడు. 46 కోట ఊళ్ళు పట్టానంటాడు, 2,00,150 మందిని తోలుకొచ్చానంటాడు, హిజ్కియాను పంజరంలో పిట్టలా బంధించానంటాడు. యెరూషలేమును పట్టుకున్నానని మాత్రం అనడు. చిక్కని ఊరి సంగతి అలా మింగేశాడు! కప్పంలో బంగారం 30 తలాంతులని ఇద్దరూ ఒప్పుకుంటారు. వెండి దగ్గరే పేచీ. ఆయన లెక్క 800, హీబ్రూ లెక్క 300.

మరి లాకీషు ఊరు? సన్హెరీబు దాన్ని కూలగొట్టి, ఆ ముట్టడిని నీనెవెలో తన మేడ గోడల నిండా చెక్కించాడు. ఆ రాళ్ళు ఇప్పుడు లండన్‌ బ్రిటిష్ మ్యూజియంలో వున్నాయి. బళ్ళ మీద మూటలు, పిల్లలు, ఊరొదిలి నడిచిపోయే ఆడవాళ్ళు. యెరూషలేము వాళ్ళ రాతలో రాజు లాకీషు దగ్గర దిగాడన్న ముక్కే గాని ఆ ఊరేమైపోయిందో లేదు. వాళ్ళ కథ రాజధానిది. అంతకు ముందు కథలో యెహోషువ అదే లాకీషును పట్టి అందర్నీ కత్తికి బలిచ్చాడని మాత్రం గర్వంగానే రాసుకున్నారు. గెలిచినప్పుడు అందరి భాషా ఒకటే. రెండు రాతల్లోనూ లాకీషు మనిషి పేరు లేదు.

ఇప్పుడు మన కొండలకు రండి.

తెల్లోడు 1922-24 పోరాటాన్ని 'పితూరి' అన్నాడు. మన తాతల తిరుగుబాటుకు వాడు పెట్టిన పేరునే మనమూ మోస్తున్నాం. దామనపల్లి దగ్గర చచ్చిన ఇద్దరు దొరలు స్కాట్ కవర్డ్, హైటర్ పేర్లు రికార్డులో భద్రంగా వున్నాయి. మనోళ్ళు మాత్రం 'పితూరీదార్లు'.

స్వాతంత్ర్యం వచ్చాక మైదానం వాళ్ళు రెండో కథ రాశారు. అందులో ఒక్కడే వీరుడు అల్లూరి. మిగిలినోళ్ళు 'అమాయక గిరిజనులు'. పాఠంలో అదే మాట, సినిమాలో అదే, సభలో అదే. ఎవరయ్యా అమాయకులు? రాజు పుట్టకముందే 1879లో రంప కొండలు లేచాయి, గూడెం దాకా పాకాయి. 1882 అటవీ చట్టం పోడు మీద పడ్డప్పుడు నష్టం తెలిసింది ఎవరికి? నర్సీపట్నం నుంచి చింతపల్లికి రోడ్డు వేయించిన బాస్టియన్ కూలి ఎగ్గొట్టి కొరడా ఝుళిపిస్తే దెబ్బలు తిన్న వీపులెవరివి? ఆ వీపులకి ఒకరొచ్చి నొప్పి నేర్పాలా?

రాజును తక్కువ చేస్తున్నారంటారు. లేదు. ప్రాణమిచ్చినోడికి దండం పెడతాం. కానీ గాం గంటందొర అదే 1924లో ప్రాణమిచ్చాడు. తమ్ముడు గాం మల్లుదొర అండమాన్ జైలుకెళ్ళి తిరిగొచ్చి, 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకు గెలిచాడు. మీ పిల్లల్ని అడగండి, ఎందరికి తెలుసో! 2022లో పాడేరు కేంద్రంగా వచ్చిన జిల్లాకు రాజు పేరు పెట్టారు, మంచిదే. గంటందొర పేరు ఎన్ని బడులకుంది? తుపాకులకు ఎదురుపోయిన, కూడు మోసిన, దారి చూపిన ఆడామగా పేర్లు ఏ రాతిమీదున్నాయి?

ఇది పాత పంచాయితీ కాదు. రాతలో లేనోడికి భూమీ లేదంటున్నారు. అడవి హక్కుల చట్టం 2006లో వచ్చింది. దాని నియమాల్లో, హక్కు అడిగినోళ్ళు కాక ఊరి పెద్దలు వేరే చెప్పిన మాటను రాతలో పెడితే అదీ రుజువేనని వుంది. మన ముసలోళ్ళ నోట వున్నది కట్టుకథ కాదు, సాక్ష్యం. బొర్రా గుహల పక్కన గనుల మీద కొట్లాడితేనే 1997 సమత తీర్పు వచ్చింది. అడిగినోడు వున్నాడు గనక వచ్చింది.

కాబట్టి సంఘాల వాళ్ళు, టీచర్లు, చదువుకున్న పిల్లలు ఊరికో నోటుబుక్కు పెట్టండి. ఏ తాత ఏ కొండ కొట్టి పోడు చేశాడు, ఎవరు జైలుకెళ్ళారు, ఏ వాగు దగ్గర ఎవరు పడ్డారు - పేరు, ఊరు, చెప్పినోళ్ళ వేలిముద్రతో సహా రాయండి. అందులో మనకి నచ్చని మాటలూ రాయండి. మనం గెలిచిన రోజున ఇంకొకడి లాకీషును మింగెయ్యకుండా వుండాలంటే అదొక్కటే దారి.

మన పేర్లు మనమే రాద్దాం. లేకపోతే మన వీపుల్ని ఎవడో గోడ మీద బొమ్మ చేసి పెడతాడు.