వరిగడ్డి బేరానికి తూకమొక్కటే చాలదు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో వరిగడ్డికి ఇంతకాలం ప్రధాన గిరాకీ పశువుల మేత నుంచే. గడ్డి నుంచి ఇథనాల్, కాగితపు గుజ్జు, రసాయనాలు తయారుచేసే పరిశ్రమల మాట ఇప్పుడు వర్తకుల చెవిన పడుతున్నది. కొత్త గిరాకీ వస్తే కాదనే వర్తకుడుండడు. అయితే సరకు గుణమూ, కొనేవాని లెక్కా తెలియకుండా బయానా పుచ్చుకోవడం మంచిది కాదు.

పరిశ్రమకు గడ్డిలో కావలసినది సెల్యులోజ్ అనే పీచు. లిగ్నిన్ అనే పదార్థం ఆ పీచును జిగురువలె బిగించి ఉంచుతుంది. ఈ బిగువు సడలితేనే పీచును చక్కెరగానో గుజ్జుగానో మార్చడం సాధ్యం. ఇందుకు గడ్డిని కాస్టిక్ సోడాతో ఉడికిస్తారు, లేదా పలుచని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో వేడిచేస్తారు, లేదా అధిక పీడనపు ఆవిరి పెట్టి ఒక్కసారిగా వదులుతారు. ఈ సూత్రం పాడి రైతుకు కొత్తదేమీ కాదు. 100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కలిపి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే ఆ గడ్డి పశువుకు బాగా అరుగుతుంది. యూరియా నుంచి పుట్టే అమ్మోనియా ఆ బిగువును కొంత సడలించడమే దీనికి కారణం.

వరిగడ్డితో వచ్చే చిక్కు సిలికా. గడ్డిని కాల్చితే నూటికి సుమారు 15 పాళ్లు బూడిద మిగులుతుంది. అందులో అధిక భాగం సిలికాయే. పది లారీల సరకులో లారీన్నర బూడిద పాలన్నమాట. ఈ సిలికా యంత్రాల కత్తులను అరగదీస్తుంది. ఉడికించగా మిగిలిన నల్లని ద్రావకం నుంచి సోడాను తిరిగి రాబట్టడం కూడా దీనివల్లనే కష్టమవుతుంది. రాబట్టలేని మిల్లు ఆ ద్రావకాన్ని కాలువలోకి వదలజూస్తుంది. రేపల్లె, నిజాంపట్నం వైపు రొయ్యల చెరువులున్నాయి. ఆ నల్లనీరు మురుగు కాలువల్లో కలిస్తే గడ్డిలో వచ్చిన లాభం రొయ్యల్లో పోతుంది.

పరిమాణం కూడా ఆలోచించవలసినదే. ఇండియన్ ఆయిల్ సంస్థ పానిపట్‌లో నెలకొల్పగా 2022 ఆగస్టులో జాతికి అంకితమైన కర్మాగారం ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తయారీకి ఉద్దేశించినది. అంటే క్వింటాలు గడ్డికి 15 లీటర్లు. ఎకరాకు 2 టన్నుల గడ్డి అనుకున్నా అది లక్ష ఎకరాల గడ్డి. పంజాబు, హర్యానాల్లో పొలంలోనే తగలబెట్టే గడ్డి ఎక్కువ కనుక అక్కడ ఆ లెక్క కుదురుతుంది. ఇక్కడి గడ్డి గేదెల మేత. అంతటి కర్మాగారం ఇక్కడ కొనుగోళ్లకు దిగితే ముందు మేత ధర, తర్వాత పాల ధర పెరుగుతాయి.

విదేశాల అనుభవమూ తొందర వద్దనే చెబుతున్నది. అమెరికాలోని అయోవాలో 2015లో డ్యూపాంట్ ప్రారంభించిన మొక్కజొన్న చొప్ప ఇథనాల్ కర్మాగారం 2017లో మూతపడింది. రుమేనియాలో 2022లో ఉత్పత్తి మొదలుపెట్టిన గోధుమగడ్డి కర్మాగారాన్ని మూసివేయాలని క్లారియంట్ సంస్థ 2023 డిసెంబరులో నిర్ణయించింది. లిగ్నిన్ అమ్మి లాభం చూపుతామనే మాటనూ తరచి చూడాలి. నార్వేలోని బోరెగార్డ్ సంస్థ కలప లిగ్నిన్ నుంచి వెనిలిన్ తయారుచేసి అమ్ముతున్నది. గడ్డి లిగ్నిన్‌కు అంతటి స్థిరమైన మార్కెట్ లేదు. అది ఎక్కువగా బాయిలరులో ఇంధనంగానే పోతుంది.

ఈ పరిస్థితిలో వరిగడ్డిని మేతకు వదలి, పశువులు అంతగా తినని ముదిరిన మొక్కజొన్న చొప్పతోనూ, కండెల బెండ్లతోనూ పరిశ్రమ ఆరంభం కావడం మేలు. వరి మాగాణుల్లో రెండో పంటగా మొక్కజొన్న ఈ ప్రాంతంలో వేళ్లూనుకున్నది. దాని చొప్పలో బూడిద వరిగడ్డిలో కంటె చాలా తక్కువ.

బేరంలో ఎకరాల లెక్క, ట్రాక్టరు లెక్క పోయి తేమ, మన్ను, బూజు చూసి ధర కట్టే పద్ధతి రావాలి. తేమ నూటికి 12 ఉన్న వంద టన్నుల్లో 88 టన్నులు పొడి సరకు. తేమ 20 అయితే 80 టన్నులే. ఆ 8 టన్నుల తేడా ఎవరిదో ముందే తేలాలి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. అటువంటి వానలో నాని బూజుపట్టిన గడ్డి మేతకూ పనికిరాదు, మిల్లుకూ పనికిరాదు. కనుక నిల్వ షెడ్ల ఖర్చు ఎవరు భరించేదీ ఒప్పందంలో ఉండాలి. బాపట్లలో వ్యవసాయ కళాశాల, వ్యవసాయ ఇంజనీరింగు కళాశాల, పంటకోత అనంతర సాంకేతిక కేంద్రం ఉన్నాయి. నమూనాల పరీక్షకు వర్తక సంఘాలు వాటిని ఆశ్రయించవచ్చు.

మాసూళ్లు మొదలయ్యేలోగా బయానా ఇవ్వజూపేవారిని మూడు ప్రశ్నలు అడగాలి. తేమకు కోత ఎంత? నల్లనీరు ఎక్కడికి పోతుంది? మిల్లు ఆగిపోతే షెడ్డులో ఉన్న సరకు ఎవరిది? వీటికి కాగితం మీద జవాబు ఇవ్వనివానికి సరకు తోలకపోవడమే క్షేమం.