తూకం రాళ్లు ఎవడివి?

ప్రతిభ అనే మాట వినపడిందంటే ముందు తక్కెడ తిరగేసి చూడాలి. పళ్లెం అడుగున చింతపండు ముద్ద అంటించి ఉంటుంది. మన సంతలోనే కాదు, అమెరికాలో ఏటా ఏప్రిల్‌లో జరిగే ఒక పెద్ద తూకంలోనూ ఇదే వరస.

అక్కడ ఫుట్‌బాల్ అంటే మన పిల్లలు కాలితో తన్నే ఆట కాదు. కోడిగుడ్డు ఆకారం బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, పరిగెత్తి, మీదపడి కుమ్ముకునే ఆట. జట్టుకు పదకొండుమంది. అందులో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు పన్నిన ఎత్తు మిగతావాళ్లకు చెబుతాడు. బంతి చేతికి రాగానే ఎదుటి జట్టు ఎట్లా కదులుతుందో చూసి, రెండు మూడు సెకన్లలో ఎవరికి విసరాలో తేల్చుకుంటాడు. జట్టుకి తలకాయ వాడు. కాలేజీల్లో ఆడే కుర్రాళ్లను 32 వృత్తి జట్లు ఏడు దఫాలుగా పంచుకుంటాయి. దాన్ని డ్రాఫ్ట్ అంటారు. మన ఐపీఎల్‌లో లాగా వేలంపాట ఉండదు. కిందటేడు అందరికన్నా ఎక్కువ ఓడిన జట్టు ముందు కోరుకుంటుంది. ఎంపికైన కుర్రాడికి జట్టును కోరుకునే హక్కు లేదు.

దానికి ముందు ఇండియానాపొలిస్ నగరంలో వీళ్లని నిలబెట్టి ఎత్తు, బరువు, అరచెయ్యి కొలుస్తారు. నలభై గజాలు పరిగెత్తిస్తారు. గదిలో కూచోబెట్టి ప్రశ్నలేస్తారు. ఆటగాళ్లలో సగానికి మించి నల్లవాళ్లు. 32 జట్లలో ఏ ఒక్కదానికీ నల్లవాడు ప్రధాన యజమాని అయిన చరిత్ర లేదు. కొలిచేది ఎవరో, కొలతకు నిలబడేది ఎవరో వేరే చెప్పాలా?

దూరదేశం ఆట గోల మనకెందుకు అంటారేమో. మహాత్మా ఫూలే 1873లో ‘గులాంగిరి’ రాసి, నల్లవాళ్ల బానిసత్వం తీసేయించిన అమెరికా జనానికి అంకితమిచ్చాడు. 1972లో బొంబాయిలో మన యువకులు పాంథర్స్ అని పేరు పెట్టుకున్నది ఆ నల్లవాళ్లని చూసే. వాళ్ల సంగతి మనకు పరాయి సంగతి కాదు.

క్వార్టర్‌బ్యాక్ పని బుర్ర పని అన్నారు. బుర్ర పని తెల్లవాడిది అన్నారు. నల్లవాడు ఉరకాలి, దూకాలి, కుమ్మాలి. తలలోంచి పుట్టినవాడు ఒకడు, పాదాల్లోంచి పుట్టినవాడు ఒకడు అని మనకు చెప్పిన లెక్కే ఇది. (మనకైతే పాదాల్లో కూడా చోటివ్వలేదు, అది వేరే మాట.) అందుకని కాలేజీలో క్వార్టర్‌బ్యాక్‌గా గెలిచి వచ్చిన నల్ల కుర్రాడికి వృత్తి జట్టు చెప్పే మొదటి మాట ఒకటుండేది: స్థానం మార్చుకో, బంతి పట్టుకుని పరిగెత్తేవాడిగా రా.

మార్లిన్ బ్రిస్కో 1968లో డెన్వర్ జట్టుతో, నన్ను క్వార్టర్‌బ్యాక్‌గా పరీక్షిస్తేనే సంతకం పెడతానని పట్టుబట్టాడు. అవకాశం అనుకోకుండా దొరికింది. ఆ ఒక్క సీజన్లోనే 14 సార్లు బంతి విసిరి గోల్ లాంటి టచ్‌డౌన్ చేయించాడు. మరుసటేడు ఆ స్థానానికి పోటీ కూడా పడనివ్వలేదు. బఫెలో జట్టుకి పోయి బంతి పట్టేవాడిగా బతికాడు, అందులోనూ గొప్పవాడయ్యాడు. వారెన్ మూన్ 1978 జనవరిలో రోజ్ బౌల్ అనే పెద్ద కాలేజీ పోటీ గెలిపించాడు. అయినా క్వార్టర్‌బ్యాక్‌గా తీసుకునేవాడు లేడని తెలిసి, డ్రాఫ్ట్‌కి ముందే కెనడా వెళ్లిపోయాడు. అక్కడ వరసగా అయిదేళ్లు ఎడ్మంటన్ జట్టుతో కప్పు గెలిచాడు. 1984లో అమెరికా జట్టు పిలిచింది. 2006లో వాళ్ల కీర్తిమందిరంలో చేరాడు. ఆ స్థానంలో ఆడి అక్కడికి చేరిన మొదటి నల్లవాడు ఆయనే.

ఇక్కడ కిటుకు చూడండి. నేను ఇరవై ఏళ్లుగా పేపర్లు దిద్దుతున్నవాణ్ణి. పిల్లవాడు పరీక్ష రాసి తప్పాడంటే అది ఒక లెక్క. హాల్లోకే రానివ్వకుండా తప్పాడని రాసుకుంటే అది ఇంకో లెక్క. స్థానం మార్పించినవాడు ఆ స్థానంలో ఎట్లా ఆడేవాడో ఎన్నటికీ తేలదు. కాబట్టి దిద్దినవాడి తప్పు ఎన్నటికీ బయటపడదు. మూన్‌కి కెనడా ఉంది కాబట్టి బయటపడింది. కెనడా దొరకని మూన్‌లు ఎంతమందో ఎవరు లెక్కపెట్టారు?

తిన్నగా చూడాలనుకుంటే చూడొచ్చని కూడా అదే 1978లో రుజువైంది. గ్రాంబ్లింగ్ అనే నల్లవాళ్ల కాలేజీలో డగ్ విలియమ్స్ అనే కుర్రాడున్నాడు. టాంపా జట్టు శిక్షకుల్లో ఒకడైన జో గిబ్స్ స్వయంగా అక్కడికి వెళ్లి చూసొచ్చాడు. ఆ జట్టు విలియమ్స్‌ని 17వ వాడిగా తీసుకుంది. పదేళ్ల తరవాత, 1988 జనవరిలో, అదే గిబ్స్ నడిపిన వాషింగ్టన్ జట్టుని విలియమ్స్ 42-10తో సూపర్ బౌల్ గెలిపించాడు. ఆ పోటీలో ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే. గిబ్స్ చేసిన ఘనకార్యం ఏమీ లేదు. వెళ్లి చూశాడు, అంతే.

చూడటం ఇష్టంలేనివాళ్లకి కాగితం పరీక్ష ఉంటుంది. వండర్లిక్ అని, 12 నిమిషాల్లో 50 ప్రశ్నలు. దీని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి. ఉత్తర కరోలినాలో డ్యూక్ పవర్ అనే కరెంటు కంపెనీ ఉండేది. దాని డాన్ రివర్ కేంద్రంలో 95 మంది పనివాళ్లలో 14 మంది నల్లవాళ్లు. వాళ్లందరికీ కూలిపని విభాగమే. ఆ విభాగంలో అందరికన్నా ఎక్కువ జీతం, మిగతా విభాగాల్లో అందరికన్నా తక్కువ జీతంకన్నా తక్కువ. ఉద్యోగాల్లో రంగు వివక్ష కూడదనే చట్టం 1965 జులై 2న అమల్లోకి వచ్చింది. సరిగ్గా ఆ రోజునే కంపెనీ కొత్తగా పరీక్షలు పెట్టింది. అందులో ఒకటి ఈ వండర్లిక్. పనివాళ్లు కోర్టుకెక్కారు. చేసే పనితో సంబంధంలేని పరీక్ష అడ్డుపెట్టి మనుషుల్ని ఆపడం చెల్లదని 1971లో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పిచ్చింది.

కర్మాగారంలో ఓడిన పరీక్ష ఆ దశాబ్దంలోనే మైదానంలోకి దిగింది. తెచ్చింది డల్లాస్ కౌబాయ్స్ కోచ్ టామ్ లాండ్రీ. ఈ జట్టు కార్యాలయం ఇప్పుడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉంది. మన తెలుగువాళ్లు బాగా స్థిరపడ్డ ఊరు. అక్కడ కూచుని మెరిట్ మెరిట్ అంటూ ఇక్కడి రిజర్వేషన్ల మీద ఒంటికాలిమీద లేచే పెద్దమనుషులకి పక్కవీధి చరిత్ర మాత్రం కనపడదు. ఈ పరీక్షలో మార్కులకీ మైదానంలో ఆటకీ పొంతన లేదని 2009లో పరిశోధకులు వందల ఆటగాళ్ల లెక్కలు తీసి చూపించారు. అయినా 2022 దాకా తీసెయ్యలేదు. మరుసటేడే ఎస్2 అని ఇంకో బుర్ర పరీక్ష సంగతి. సి.జె. స్ట్రౌడ్ అనే నల్ల కుర్రాడికి అందులో మార్కులు తక్కువొచ్చాయని డ్రాఫ్ట్‌కి ముందు ఎవరో పత్రికలకి చేరేశారు. హ్యూస్టన్ జట్టు రెండోవాడిగా తీసుకుంది. ఆ ఏడు బంతి నడిపే పక్షంలో ఉత్తమ కొత్త ఆటగాడు స్ట్రౌడే.

పాత సంగతులు, ఇప్పుడు మారిందిగా అంటారు. 2018కి రండి. లామార్ జాక్సన్. 2016లో, 19 ఏళ్లకే, కాలేజీ ఆటగాళ్లకిచ్చే అతిపెద్ద బహుమతి హైస్‌మన్ అందుకున్నాడు. అంత చిన్న వయసులో అందుకున్నవాడు అంతకుముందు లేడు. బిల్ పోలియన్ అనే పేరుమోసిన ఎంపికల పెద్ద ఏమన్నాడు? పొట్టి, సన్నం, బంతి పట్టేవాడిగా పోవాలన్నాడు. జాక్సన్ ఎత్తు ఆరడుగుల రెండంగుళాలు. ఆ ఏడు మొదటివాడిగా ఎంపికైన తెల్ల క్వార్టర్‌బ్యాక్ బేకర్ మేఫీల్డ్ ఆరడుగుల మీద అంగుళం కూడా లేడు. వాణ్ణి స్థానం మార్చుకోమన్నవాడు లేడు. ఏడోవాడిగా ఎంపికైన జోష్ అలెన్ కాలేజీలో నూటికి 56 బంతులే సరిగా చేరవేశాడు. జాక్సన్‌దీ ఇంచుమించు అంతే. అలెన్‌కి చేతిబలం ఉంది, మిగతాది నేర్పుకుందాం అన్నారు. జాక్సన్‌ని మాత్రం బంతి పట్టి చూపించమన్నారు. పట్టనన్నాడు. పరుగు చూసి మళ్లీ అదే పాట పాడతారని నలభై గజాల పరుగు కూడా తియ్యనన్నాడు. అహంకారం అన్నారు. నేనైతే దాన్ని సత్యాగ్రహం అంటాను.

నలుగురు తెల్ల క్వార్టర్‌బ్యాక్‌లు పోయాక, మొదటి దఫాలో చిట్టచివర, 32వ వాడిగా బాల్టిమోర్ తీసుకుంది. అదే జట్టు అంతకుముందు 25వ వంతు వేరే స్థానం ఆటగాడి మీద వాడుకుంది, అది కూడా గుర్తుంచుకోండి. నాలుగేళ్లకు మేఫీల్డ్‌కి సుమారు 3 కోట్ల 27 లక్షల డాలర్లు, జాక్సన్‌కి సుమారు 95 లక్షలు. ఒక అంచనా ఖరీదు అది. 2019లో యాభైమంది ఓటర్లూ జాక్సన్నే లీగ్ ఉత్తమ ఆటగాడన్నారు. పోలియన్ పొరపడ్డానని ఒప్పుకున్నాడు. జాక్సన్ 2023లో మళ్లీ గెలిచాడు.

ఒక వాదన ఉంది, దాన్ని దాచను. జోస్యం ఎవరికైనా కష్టమే, తెల్లవాళ్ల విషయంలోనూ తప్పారు అంటారు. నిజమే. టామ్ బ్రాడీని 2000లో 199వ వాడిగా తీసుకున్నారు, ఏడు సూపర్ బౌల్‌లు గెలిచాడు. అలెన్ని నమ్మినవాళ్లు నెగ్గారు, 2024లో ఉత్తమ ఆటగాడు అతనే. కానీ బ్రాడీని తక్కువ అంచనా వేసినవాళ్లు కూడా బల్లమీద క్వార్టర్‌బ్యాక్‌గానే కూచోబెట్టారు. తన వంతు వచ్చింది, ఆడాడు. తక్కువ అంచనా వెయ్యడం వేరు, నీ జాతికి ఈ పని కాదనడం వేరు.

ఇక గదిలో వేసే ప్రశ్నలు. 2011లో కామ్ న్యూటన్‌ని ఎంచుకునే ముందు కరోలినా జట్టు యజమాని జెర్రీ రిచర్డ్సన్ ఒంటిమీద పచ్చబొట్లున్నాయా అని అడిగాడట. లేవంటే, అట్లాగే ఉండమన్నాడట. ఈ సంగతి తనే టీవీలో చెప్పుకున్నాడు. బంతి విసరడానికీ పచ్చబొట్టుకీ ఏం సంబంధం? మీలో ఇంటర్వ్యూకి వెళ్లినవాళ్లు చెప్పండి. ఊరు పేరు అడిగి, ఊళ్లో ఏ వైపు అని అడగలేదా?

అన్నిటికన్నా ఘోరం రిటైరయ్యాక. తలలు కుమ్ముకుని మెదడు చెడిన పాత ఆటగాళ్లకి లీగ్ పరిహారం ఇవ్వాల్సొచ్చింది. మతిమరుపు ఎంత ముదిరిందో తేల్చే లెక్కలో నల్లవాడి బుర్ర మొదటినుంచీ తక్కువ స్థాయిదే అని ముందుగానే కలిపేసుకున్నారు. అట్లా కలిపితే నష్టం తక్కువ కనపడుతుంది, డబ్బు తక్కువ పోతుంది. ఇద్దరు నల్ల ఆటగాళ్లు 2020లో కోర్టుకి పోతే, 2021లో ఆ లెక్క మానేస్తామన్నారు. చేరేటప్పుడు బుర్ర లేదు కాబట్టి స్థానం లేదు. పోయేటప్పుడు బుర్ర లేదు కాబట్టి పరిహారం లేదు!

2023 ఫిబ్రవరి సూపర్ బౌల్‌లో మొదటిసారి రెండు వైపులా నల్ల క్వార్టర్‌బ్యాక్‌లే, పాట్రిక్ మహోమ్స్, జేలెన్ హర్ట్స్. 2025లో మళ్లీ వాళ్లిద్దరే. హర్ట్స్‌ని 53వ వాడిగా తీసుకున్నారు. ఈ ఆటలో ప్రతి కుర్రాడి అరచెయ్యి ఎన్ని అంగుళాలో అచ్చేస్తారు. 2018లో జాక్సన్ని దాటేసి పోయిన జట్ల పెద్దలు ఆ రోజు రాసుకున్న కాగితాలు మాత్రం ఎవరూ అచ్చెయ్యలేదు. అవి బయటపెట్టండి, ఒక్కొక్కటీ దిద్దుదాం. ఎర్రసిరా మా దగ్గర ఉంది.